గడువుకు ముందే కొన్న షేర్లు

పెద్దమ్మ పోయిందని మంగళవారం పొద్దున సిద్ధగోరా నుంచి ఫోను వచ్చింది. మా అమ్మకు అక్క, నాకు లెక్కలు నేర్పిన మనిషి. ఆమె గురించి రాయబోతే, రెండేళ్ళుగా నాకు అర్థం కాని ఒక పనే ముందు గుర్తొస్తోంది.

ఆదిత్యపూర్‌లో యంత్రభాగాలు చేసే చిన్న కంపెనీలో ఆమె స్టోర్స్ చూసేది. ఏ కాగితమైనా వెనక వైపు కూడా చదివాకే సంతకం పెట్టేది. "తెలకపోతే అడగాల, సిగ్గేటి?" అనేది. కంపెనీ పాత ఉద్యోగులకు స్టాక్ ఆప్షన్లు ఇచ్చింది. అంటే, షేరు ధర ఎంత పెరిగినా ముందు అనుకున్న ధరకే కొనుక్కునే హక్కు. గడువు ఇంకా మూడేళ్ళు ఉండగానే పెద్దమ్మ కొనేస్తానంది.

కామర్స్ చదివిన నేను ఊరుకోలేదు. "అభీ క్యోం, పెద్దమ్మా? ఇప్పుడే ఎందుకు? రేపు ధర పడిపోతే కొనకుండా వదిలేయొచ్చు. ఇప్పుడే కొంటే ఆ వీలు పోతుంది."

"నాకు తెల్దేటే? వొట్టి హక్కుంటే మీటింగులో మాటాడనిత్తారేటి? షేరుండాల."

పాత షెడ్డు అమ్మే తీర్మానం ఆ నెల్లోనే వాటాదార్ల ముందుకొచ్చింది. ఆ షెడ్డులో ప్యాకింగ్ చేసే ఆడవాళ్ళ సంగతేమిటని పెద్దమ్మ లేచి అడిగింది. వ్యతిరేకంగా ఓటేసింది. తీర్మానం నెగ్గింది. అయితే వాళ్ళను కొత్త షెడ్డులోకి తీసుకుంటామని యాజమాన్యం చేత అందరి ముందూ చెప్పించింది.

ఆ తర్వాత కంపెనీ లాభంలో వాటాగా డివిడెండు వచ్చింది. "చూశావేటే? హక్కు దాసుకుని కూకుంటే ఇదొచ్చేదా?" అని నవ్వింది. దీనికోసమే తొందరపడిందా అనుకున్నాను.

నిన్న ఆమె బీరువాలో బయాప్సీ రిపోర్టు దొరికింది. షేర్లు కొనడానికి వారం ముందుది. మాకు జబ్బు సంగతి చెప్పింది ఏడాది తర్వాత. ఆప్షన్ల గడువు ఇప్పటికీ తీరలేదు. ఓటు కోసమా, డివిడెండు కోసమా, అప్పటిదాకా ఉండనని తెలిసా? అడగడం నేర్పిన మనిషిని ఆ ఒక్కటీ అడగలేకపోయాను.

ఇవాళ సమాధి దగ్గరికి ప్యాకింగ్ ఆడవాళ్ళు వచ్చారు. షేర్లు అంత తొందరగా ఎందుకు కొందో మీకేమైనా చెప్పిందా అని వాళ్ళలో పెద్దామెను అడిగాను.

"మాకేటీ సెప్పనేదమ్మా. రేపట్నించి కొత్త షెడ్డుకి రండర్రా అంది, అంతే."

చెప్పులు విడిచి, ఒక్కొక్కరూ పిడికెడు మట్టి వేశారు. డ్యూటీ టైమవుతోందని గబగబా ఆటో ఎక్కారు. చివర కూర్చున్నామె కడ్డీ పట్టుకోలేదు. మట్టంటిన చెయ్యి ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని, దాన్నే చూసుకుంటూ వెళ్ళింది.