బోర్లించిన డబ్బా

మా పెద్దమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసి, వేరే డబ్బాలో వేసేది. ఆదివారం ఆ బియ్యం చర్చికి వెళ్లేవి. బళ్లారి కంటోన్మెంటులో మా సంఘం ఆడవాళ్లందరికీ ఆ అలవాటుంది. కానీ ఆమె పిడికిట్లోంచి ఒక్క గింజ జారగా నేను చూడలేదు.

స్కాట్లండులో చదువుకుంటున్నప్పుడు, ఇంటిదగ్గర ఎన్నడూ లేని భక్తి నాకు ఆ పిడికిలి గుర్తొచ్చే కలిగింది. హాస్టల్ వంటగదిలో నేనూ పిడికెడు బియ్యం తీయడం మొదలుపెట్టాను. సెలవుల్లో వచ్చి, భోజనం దగ్గర ఆ సంగతి గొప్పగా చెప్పాను.

"నేను మానేసినానప్పా," అంది పెద్దమ్మ. పొయ్యి పక్కన డబ్బా బోర్లించి ఉంది.

"ఎందుకు పెద్దమ్మా?"

"మీ పెదనాయన లారీలు పర్మిట్ లేకుండా మైన్సు ఇనప మట్టి తోల్తాండాయి. ఆ దుడ్డుతో కొన్న బియ్యం దేవుని కాడికి ఎట్ల తీస్కపోయేది?"

నా ఫీజు కడుతున్నదీ పెదనాయనే. నా చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

ఆమె కంగారుపడింది. "నిన్ను అనల్యా నాయనా, నువ్వు తిను," అంటూ ఇంకాస్త అన్నం వడ్డించింది.

దేవుడికి పెట్టరాదన్న ఆ అన్నాన్ని మెతుకు మిగల్చకుండా తిన్నాను.