పడితే చప్పుడు రావాలి

కుట్టుపని నేర్చుకుంటున్నానని ఇంట్లో అబద్ధం చెప్పి, సూళ్లూరుపేటలో జూడో క్లాసుకు పోయాను. తిరగబడటం నేర్పుతారనుకుంటే, నాకన్నా చిన్నవాడైన మాస్టారు మొదట పడటం నేర్చుకోమన్నాడు. ఒళ్లు మండింది. పెళ్లైన నాటి నుంచి మాటలు పడటం, దెబ్బలు పడటం తప్ప నేను చేసిందేముంది?

"పడేటప్పుడు అరచేత్తో మ్యాట్‌ను గట్టిగా కొట్టాలక్కా. అప్పుడు నడుముకు దెబ్బ తగలదు," అన్నాడు.

పడ్డాను.

"ఏందక్కా, దూదిలాగా పడినారు? చప్పుడు రావాల!"

మళ్లీ పడ్డాను. మళ్లీ అంతే. మా ఆయన తోసినప్పుడల్లా పక్కింటివాళ్లకు వినపడకుండా పడటానికి అలవాటైన ఒళ్లు ఇది. ఎన్నిసార్లు పడినా, మ్యాట్‌ను కొట్టాల్సిన చెయ్యి నా నోరు మూయడానికే పోయింది.