మూడు కాళ్ళ ఎద్దు

చిన్నపిల్లలతో ఇంట్లో బొమ్మలు చేయించడం చాలా సులువని అంటారు. నిజమే. కాస్త మట్టి, కాసిన్ని నీళ్ళు, కింద పరచడానికి ఒక పాత గోనెసంచి ఉంటే చాలు. కష్టమంతా పక్కన కూర్చున్న పెద్దవాళ్ళతోనే. వాళ్ళ చేతులు ఊరుకోవు. పిల్ల ఒక ముద్ద చేసి చూపించగానే "ఇట్ల కాదు, ఇటియ్యి" అని లాక్కుంటారు. ఆ "ఇటియ్యి" అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మాది రాయదుర్గం. నేను జీన్స్ కుట్టే యూనిట్లో చెకింగ్ పని చేస్తాను. కుట్టి వచ్చిన ప్యాంటును బల్ల మీద పరిచి, లోపలికీ బయటికీ తిప్పి, ఎక్కడ కుట్టు వంకర పోయిందో, ఎక్కడ దారం తెగిందో చూసి, బాగాలేనిది పక్కన పడేస్తాను. తప్పులు వెతకడమే నా ఉద్యోగం. కాబట్టి తెలిసే చెబుతున్నాను, అదేమీ గొప్ప విద్య కాదు. ప్యాంటు అంగడికి పోవాలి, ఎవరో ఒకరు కొని తొడుక్కోవాలి, అందుకని వెతుకుతాం. ఐదేళ్ళ పిల్ల చేసిన మట్టెద్దు ఏ అంగడికి పోవాలని?

మా వైపు ఏరువాక పున్నమి తర్వాత వచ్చే అమావాస్యకు మట్టెద్దులు చేస్తారు. కర్ణాటక అంచున ఉన్నవాళ్ళం, ఈ పండగ ఇటుదా అటుదా అని ఎవరూ అడగరు. నల్లమట్టితో ఎద్దుల్ని జతలుగా చేసి, పీట మీద నిలబెట్టి, పసుపూ కుంకుమా పెట్టి, ఓళిగలు నైవేద్యం పెడతాం. ఆ రోజు పెద్దలది. మరుసటి రోజు పిల్లలది. పీట మీది ఎద్దుల్లో ఒకదాని కాలు విరిచి, దాన్ని పలక మీద పెట్టుకొని, "మా ఎద్దు కుంటిదయింది" అంటూ పిల్లలు ఇల్లిల్లూ తిరుగుతారు. ఇళ్ళవాళ్ళు అయ్యో అని, నవ్వుకుంటూ, గుప్పెడు చెనక్కాయలో బెల్లం ముక్కో బొరుగులో వేస్తారు. వాటితో ఇంటికొచ్చి ఉంటలు కట్టుకొని తింటారు. ఏ ఎద్దు కాలు విరవాలో ఇంటి పెద్ద చెప్పాలి. మా ఇంట్లో పెద్ద మా నాయన.

మోకాళ్ళు సేద్యానికి పనికిరాకుండా పోయాక, నాయన చేను గుత్తకిచ్చి, అమ్మతో కలిసి మా దగ్గరికే వచ్చేశాడు. ఆయన ఎద్దులు చేస్తే చూడాల్సిందే. అది నేను కోపంలో ఉన్నప్పుడు కూడా ఒప్పుకుంటాను. బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కితే మూపురం లేస్తుంది. ఇంకో నొక్కుకు గంగడోలు వేలాడుతుంది. వీధిలో వాళ్ళు పనిగట్టుకొని వచ్చి చూసిపోతారు. వాళ్ళు చూస్తున్నంతసేపూ ఆయన ఏమీ పట్టనట్టు బీడీ వెలిగించుకుంటాడు. అన్నీ పడతాయి.

నేను మా పాప అంత ఉన్నప్పుడు, ఊళ్ళో మా ఇంటి అరుగు మీద ఒక ఎద్దును చేశాను. అది ఎలా ఉందో నాకు సరిగ్గా గుర్తు లేదు. గుర్తు ఉండేంతసేపు అది బతకలేదు. "ఇటియ్యి" అని నాయన చెయ్యి చాచాడు, నేను ఇచ్చాను, ఆయన దాన్ని గుప్పిట్లో పిసికి మళ్ళీ చేశాడు. ఎంత చక్కటి ఎద్దో! దాన్ని నా చేతిలో పెట్టి, వచ్చినవాళ్ళందరికీ "మా పాప చేసిందప్పా" అని చెప్పాడు. అందరూ నన్ను మెచ్చుకున్నారు. నా చెంపలు పట్టుకొని ముద్దు పెట్టారు. నాది కాని ఎద్దును పట్టుకొని, నాది కాని మెప్పును మింగుతూ నిలబడ్డాను. ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ మట్టిలో చెయ్యి పెట్టలేదు. ప్రతి ఏడూ నీళ్ళు అందించేదాన్ని, ఎద్దులకు కళ్ళు అతికించేదాన్ని. ఇప్పటికీ ఇంటి ముందు ముగ్గు వేయమంటే అమ్మ చేతికే పిండి ఇస్తాను.

మా పాపకు అలా కాకూడదని నా పట్టుదల. అంతకన్నా పెద్ద కోరిక ఏమీ లేదు.

ఈ ఏడు పండగకు నాయన మోపెడ్ మీద పోయి, చెరువు అంచున తవ్వి, సంచిలో మట్టి తెచ్చాడు. వానలు లేక అది మట్టిలా లేదు, పెంకుల్లా ఉంది. దాన్ని దంచి, జల్లించి, నానబెట్టాం. కుళాయి వచ్చి రోజులు అవుతోందని అమ్మ సణుగుతూనే డ్రమ్ములోంచి నీళ్ళు ముంచి ఇచ్చింది. ఎండితే బీటలు పడకుండా కాస్త పాత దూది చీల్చి అందులో వేసి, పాప చేతే తొక్కించాం. మోకాళ్ళ దాకా మట్టి పూసుకొని అది ఎగిరిన ఎగురుడు చూడాలి. ఎద్దుల వీపుల మీద కప్పడానికీ, మెడకు పలుపు కట్టడానికీ యూనిట్లో మిగిలిన నీలం జీన్స్ పేలికలు తెచ్చాను.

అంతవరకూ బాగుంది. పొయ్యి మీద పప్పు పొంగుతుంటే చూడ్డానికి లోపలికి వెళ్ళాను.

"ఏందిమ్మే ఇది? ఎద్దా, ఎలకా? ఇటియ్యి."

నేను గరిట పట్టుకొనే బయటికి పరుగెత్తాను. అప్పటికే పాప ఎద్దు ఆయన గుప్పిట్లో ఉంది. వేళ్ళ సందుల్లోంచి మట్టి బయటికి వస్తోంది. పాప ఏడవలేదు. ఆ గుప్పిటనే చూస్తూ, చేతులు మెల్లగా ఫ్రాకుకు తుడుచుకుంటోంది. ఏడ్చి ఉంటే నాకు అంత కోపం వచ్చేది కాదు.

"నాయనా! ఏంటికి పిసికినావు దాన్ని?"

"నిలబడల్యా గదమ్మే. ఒక పక్కకి వాలిపోతాండాది."

"వాలనీ! అది దాని ఎద్దు. నీ ఎద్దుల్ని నువ్వు చేసుకో. దాని జోలికి రావద్దు."

"పిల్లకు నేర్పియ్యొద్దా?"

"ఇది నేర్పిచ్చేదా? లాక్కోని నువ్వే చేస్తాండావు. నాకూ ఇట్లనే నేర్పిస్తివి గదా. నేనేం నేర్చుకున్నా, చెప్పు?"

ఆయనకు నా మాట అర్థం కాలేదు. నిజంగానే అర్థం కాలేదు. ఏనాడో పిసికేసిన ముద్ద గురించి నలభై దగ్గరపడిన కూతురు గరిట ఊపుతూ అరవడం ఏమిటన్నట్టు చూశాడు. లోపలి నుంచి అమ్మ, "పండగపూట ఏందిమ్మే ఆ అరుపులు? పక్కింటోళ్ళు ఇంటారు" అంది.

"ఇననీ!" అన్నాను.

పొయ్యి ఆపేసి వచ్చి, పాపకు వేరే మట్టిముద్ద ఇచ్చి, దానికీ నాయనకీ మధ్యలో నేను కూర్చున్నాను. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాను. అంత తేలికేమీ కాదు, నా వేళ్ళు కూడా దురద పెట్టాయి. పొద్దస్తమానం వంకర కుట్లు పట్టే వేళ్ళాయె. పాప నా వైపు అనుమానంగా చూసి, చాలాసేపటి తర్వాత మట్టి ముట్టుకుంది. చేసింది. ఒళ్ళు చిలగడదుంపలా ఉంది. ఒక కొమ్ము పొడుగు, ఒక కొమ్ము పొట్టి. కళ్ళకు కందిగింజలు పెట్టింది. ముందు రెండు కాళ్ళు, వెనక ఒకటే కాలు. కడుపు నేలకు ఆనుకొని ఉంది.

"ఇంకో కాలు యాడ పాపా?" అని అడిగాను.

"అది పండుకోని లేస్తాండాదమ్మా. ఆ కాలు ఇంగా రాలే."

నేను దాని వీపు మీద నీలం పేలిక కప్పాను. అంతే, ఇంకేమీ చేయలేదు.

అమావాస్య రోజు పొద్దున నాయన పీట మీద తన ఎద్దుల్ని జతలుగా నిలబెట్టాడు. పాపది ఆరబెట్టిన కిటికీలోనే వదిలేశాడు. నేను దాన్ని తెచ్చి వరుస చివర పెట్టాను.

"అవిటెద్దును పూజకు పెట్టకూడదు. తియ్యి దాన్ని" అన్నాడు.

"అవిటిది కాదు. లేస్తాండాది."

"ఎగతాళి చేయొద్దు. జనాలు ఇంగా ఇత్తనమే ఎయ్యల్యా. వాన కోసరం చేసే పూజ ఇది."

"ఇన్నేండ్లూ నువ్వు చక్కటి ఎద్దుల్నే పెడ్తివి గదా నాయనా! ఎన్నిసార్లు పడింది వాన?"

అమ్మ చేతిలో హారతి పళ్ళెం అలాగే ఆగిపోయింది. చెనక్కాయ విత్తి, మబ్బు వైపు చూస్తూ, ఎండిపోయిన చెట్లను పశువులకు పీకి వేసి బతికిన మనిషితో అనకూడని మాట అది. అనకూడదని తెలిసే అన్నాను. వెనక్కి తీసుకోలేదు. ఇప్పుడు రాస్తూ కూడా తీసుకోను. ఆయన తల దించుకొని అగరుబత్తి వెలిగించాడు. ఎద్దు వరుసలోనే ఉండిపోయింది. పాప దాని ఒక్కదానికే దండం పెట్టుకుంది.

మరుసటి రోజు పొద్దున పాప నా పక్కకు వచ్చి దుప్పటి లాగింది.

"అమ్మా, నా ఎద్దు లేదు."

లేచి చూస్తే పీట మీద ఉంది. నీలం పేలికా, కందిగింజల కళ్ళూ, పొట్టి కొమ్మూ అన్నీ ఉన్నాయి. నాలుగు కాళ్ళున్నాయి. నాలుగోది ఇంకా తడిగా, మిగతా ఒంటికన్నా నల్లగా ఉంది. గిట్ట కూడా తీర్చి ఉంది. అతుకు కనిపించకుండా బొటనవేలితో నున్నగా రుద్ది ఉంది. నా కంటికా కనిపించనిది!

నాయన వాకిట్లో టీ తాగుతున్నాడు. ముఖంలో తృప్తి. "తెల్లార్తానే లేసి కాలు పెట్టినాలేమ్మే. చానా బాగా కుదిరింది. ఇంగ కొట్లాట యాడిది? నీ మాటా నిలబడింది, ఎద్దూ నిలబడింది" అన్నాడు.

ఆయన దాన్ని రాజీ అనుకున్నాడు. మనవరాలికి కానుక అనుకున్నాడు. "ప్రేమతోనే చేసినాడులే, పోనీ" అన్నాడు మా ఆయన, పళ్ళు తోముకుంటూ. నాకు అక్కడే మండింది. ప్రేమ లేదని ఎవరన్నారు? నా ఎద్దును పిసికినప్పుడూ ప్రేమే. ప్రేమ ఉంటే అవతలి వాళ్ళ చేతిలోది లాక్కోవచ్చా? ఎవరూ అడక్కుండా కాళ్ళు అతికించవచ్చా? చేసిన పిల్ల తన బొమ్మను తానే గుర్తు పట్టలేకపోయింది, అది ఎవరికీ పట్టలేదు.

నేను నోరు తెరిచేలోపల నాయన పీట దగ్గరికి వచ్చి, తను చేసిన ఎద్దుల్లో ఒకదాన్ని చూపించాడు. "ఈ పొద్దు దీని కాలు ఇరుద్దాం. ఏమ్మే పాపా?"

పాప దాని వైపు చూడలేదు. తన ఎద్దును ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. నాలుగో కాలు పట్టుకొని ఒక్క లాగు లాగింది. తడిమట్టి, సులువుగా ఊడి వచ్చింది.

"ఏయ్, ఏయ్! అది కాదమ్మే! బాగుండేదాన్ని ఏంటికి ఇరుస్తావు? ఏది ఇరవాల్నో పెద్దోళ్ళు చెప్పాల."

"ఎవరు చేసింటే వాళ్ళు చెప్పాల" అన్నాను నేను.

ఊడిన కాలును పాప ఫ్రాకు జేబులో వేసుకుంది. ఎద్దును పలక మీద పెట్టుకొని, నా చెయ్యి పట్టుకొని వీధిలోకి నడిచింది. ఇంటింటి ముందూ నిలబడి "మా ఎద్దు కుంటిది" అని గట్టిగా చెప్పింది. నాలుగిళ్ళ అవతల ఒక ముసలావిడ చెనక్కాయలు వేస్తూ, "అయ్యో, కాలు ఎట్ల ఇరిగిందమ్మా?" అని అడిగింది.

"ఇరగల్యా. ఇంగా రాలే" అంది పాప.

ఇంటికొచ్చాక చెనక్కాయలు వలిచి, వేయించి, పొట్టు నలిపి, పాప రోకలి పట్టుకుంటే నేనూ ఒక చెయ్యి వేసి కచ్చాపచ్చాగా దంచాం. బెల్లం కరిగించి, పాకం వచ్చాక పొడీ బొరుగులూ వేసి కలిపాను. చిన్న చేతులు కాలకుండా కాస్త ఆరనిచ్చి, పాప అరచేతులకు నెయ్యి రాశాను. అది ఒక ముద్ద తీసుకొని నొక్కింది, మళ్ళీ నొక్కింది. గుండ్రంగా రాలేదు. చింతపండు ముద్దలా, ఒక మూల సాగి ఉంది. పాప దాన్ని పైకెత్తి తిప్పి చూసుకుంది.

నాయన అప్పటిదాకా గోడకు ఆనుకొని కూర్చున్నాడు. చెయ్యి చాచాడు.

"ఇటియ్యి, గుండ్రంగా చేసిస్తా."

నేను తల ఎత్తాను. నాకంటే ముందు పాప రెండో చెయ్యి జేబులోకి పోయింది. నెయ్యి వేళ్ళతో ఆ మట్టికాలును తీసి, ఆయన అరచేతిలో పెట్టింది.

"నీ కాలు నీకిచ్చేసినా తాతా. ఉంట నాది."

ఆయన చెయ్యి చాచినది చాచినట్టే ఉండిపోయింది. అరచేతిలో ఆ చిన్న కాలు, దాని కింద ఆయన తీర్చిన గిట్ట. అమ్మ నా వైపు చూసింది, ఏదైనా అని సర్దిచెప్పమన్నట్టు. నేను సర్దిచెప్పలేదు. గిన్నెను మాత్రం ఆయన ముందుకు జరిపాను.

"పాకం గట్టిపడ్తాండాది నాయనా. నీది నువ్వు చేసుకో."