ఏపి చెట్టు కింద పులిహోర

రాష్ట్రం విడిపోయిన మరుసటి వేసవి అది. ఎక్కడ విన్నా ఏపీ, ఏపీ అనే మాటే. ఏపి చూడటానికి గిద్దలూరు పోతున్నానంటే మా ఆవిడ నవ్వింది. "ఉన్నదే ఏపీలో, ఇంకెక్కడ చూస్తారు?" అంది. నేను చెప్పింది చెట్టు సంగతి. చీరాలలో మాది చీరల దుకాణం, చెట్లంటే నాకు పిచ్చి. మా సముద్రం పక్క ఇసుకలో సరుగుడైనా జీడిమామిడైనా మనుషులు నాటినవే ఎక్కువ. నల్లమల అంచున ఇసుక, గులకరాళ్లు కలిసిన బీద నేలలో ఎవరూ నాటకుండానే ఏపి చెట్లు గుంపులుగా పెరుగుతాయని విన్నాను. దాని మొలక సంగతి మరీ విచిత్రం. వేసవి వస్తే పైన ఎండిపోతుంది, కింద వేరు మాత్రం రాళ్ల సందుల్లోంచి దిగుతూనే ఉంటుంది. అలా కొన్నేళ్లు గడిచి, వేరు బాగా లోతుకు పోయాకే మొక్క పైకి లేస్తుందట. అది కళ్లారా చూడాలని దుకాణం తమ్ముడికి అప్పగించి బయలుదేరాను.

ఒంగోలు నుంచి పొదిలి మీదుగా మార్కాపురానికి బస్సులు బాగానే ఉన్నాయి, ఒక పూట పని. రాత్రికి మార్కాపురంలో లాడ్జి తీసుకుని, పొద్దున్నే ప్యాసింజరు ఎక్కి కంభం మీదుగా గిద్దలూరులో దిగాను. టికెట్టు ఇడ్లీ, టీ ఖర్చుకు మించదు. స్టేషను బయట మస్తాన్ అనే ఆటో డ్రైవరు, అడవి అంచుదాకా పోయి తిరిగి రావడానికి నాలుగు వందలు అడిగాడు. బేరం మా ఇంటి విద్య కాబట్టి చాలాసేపు వాదించి మూడు వందల యాభైకి దించాను. అతను నా టోపీని, మెడలో వేలాడుతున్న బైనాక్యులర్‌ని పరీక్షగా చూశాడు.

"మీరు ఫారెస్టోళ్లా సార్?"

"కాదు, చీరలమ్ముకునేవాణ్ణి."

"మరి ఆ టోపీ ఏంది?"

"ఎండకి నాయనా!"

అనుమతి లేకుండా అడవి లోపలికి పోకూడదు కనుక మట్టిదారి చివర ఆగాం. ఎదురుగానే ఉంది ఏపి చెట్టు. బూడిదరంగు బెరడు, కిందికి వాలిన సన్నటి కొమ్మలు, మేక గిట్ట గుర్తులాగా రెండు రెక్కలున్న చిన్న ఆకు. కింద పక్కటెముకలు తేలిన మేకలు, వాటి దగ్గర నలభై ఏళ్ల ఆడమనిషి. నన్ను చూడగానే గబుక్కున లేచి దండం పెట్టింది. పేరు దీవెనమ్మ.

ఇక్కడే ఒక సంగతి చెప్పాలి. ఆ చెట్టు మీద ఆమె భర్త ఏసోబు ఉన్నాడు. ఊళ్లో మేత లేక, మేకల కోసం ఆకు మండలు కొట్టడానికి ఎక్కాడు. చెట్టు అడవి హద్దులోది. పట్టుబడితే జరిమానా కట్టాలి, కట్టలేకపోతే మేకలు పోతాయి. మేకలు పోతే ఆ ఇంట్లో ఇంకేమీ లేదు. ఆటో చప్పుడు విని, నా టోపీ చూసి, కొమ్మను కరుచుకుని ఉండిపోయాడు. ఇవన్నీ నాకు తరవాత తెలిశాయి. అప్పటికి నాకు తెలిసిందల్లా నీడ బాగుందని. మస్తాన్ ఆటోలో కాళ్లు చాపుకుని పడుకుంటే, నేను చెట్టు మొదట్లో చతికిలబడి పులిహోర పొట్లం విప్పాను.

"ఈడ కూసోబాకండి సారూ, చీమలుండాయి" అంది దీవెనమ్మ.

"పర్లేదమ్మా."

"పాములు గూడా తిరగతాయి."

"ఇంత ఎండలో ఏ పాము వస్తుందమ్మా?"

"పైన తేనెపట్టు ఉండాది!"

సంతోషంగా తల ఎత్తబోయాను. "అట్ల చూడబాకండి! చూస్తే లేస్తాయి!" అని అరిచింది. పాపం, నా మీద ఎంత దయ అనుకున్నాను.

తింటూ నాకు తెలిసిన వృక్షశాస్త్రమంతా ఆమెకు వినిపించాను. మేకలు మొలకల్ని కొరికేస్తే రేపు చెట్లెక్కడ ఉంటాయని కూడా అడిగాను. "రేపటికి మేకలుండాల గదా సారూ" అంది. అంతలో నా చేతి మీద ఒక చుక్క పడింది. మబ్బు లేదు. ఇంకో చుక్క పడింది. పిట్ట పనేమోనని తుడుచుకున్నాను. కాస్త అవతల ఎండుగడ్డిలో పుల్లలాంటిది కనపడింది. నేను వెతుకుతున్న ఏపి మొలకే! పొట్లం వదిలి మోకాళ్ల మీద అటు పాకాను.

వెనక ధబ్బుమని చప్పుడైంది. తిరిగి చూస్తే నేను కూర్చున్న చోట, పులిహోర మధ్యలో, కొడవలి దిగబడి ఉంది.

తల ఎత్తాను. చెమటలు కారుతున్న ఒక మనిషి కొమ్మను రెండు చేతులా కావలించుకుని ఉన్నాడు. ఒక కాలు గాల్లో ఊగుతోంది. దీవెనమ్మ నా కాళ్ల మీద పడింది. "రెండు మండలే కొట్టినాడు సారూ! మేకల్ని తోలుకపోబాకండి!"

"నేను ఆఫీసర్ని కాదమ్మా! ముందు ఆయన్ని దిగమను!"

"దిగడు సారూ. మీరు పట్టుకుంటారని భయం."

ఆ మనిషి పడితే నా వల్లే పడతాడు. ఈ గోలకు మస్తాన్ పరుగెత్తుకొచ్చాడు. "అన్నా, దిగు! ఆఫీసరైతే యాభై రూపాయల కాడ నాతో అంతసేపు కొట్లాడతాడా? చీరలమ్ముకునే మనిషి!"

పైనుంచి సన్నగా గొంతు వచ్చింది. "చేతులు రావడంలా."

మస్తాన్ సగం దాకా ఎక్కి అతని పాదాన్ని తన భుజం మీద పెట్టుకున్నాడు. కింద నేనూ దీవెనమ్మా చేతులు చాపాం. అంగుళం అంగుళం జారుతూ వచ్చి, చివర్లో మా మీదే పడ్డాడు. మోచేతులు గీరుకుపోయాయి, వేళ్లు ముడుచుకుపోయి తెరుచుకోవడం లేదు. దీవెనమ్మ అతని నోట్లో నీళ్లు పోసి, అప్పుడు ఏడ్చింది.

"కొడవలి జారిపోయిందా?" అని అడిగాను.

"జారలా సారూ" అన్నాడు ఏసోబు. "వదిలితే మీ నెత్తిన పడతాది. అందుకని ఒంటి చేత్తోనే కొమ్మ పట్టుకున్యా. మీరు పక్కకు జరుగుతారేమోనని చూస్తా ఉండినా. మొక్క కాడికి పాకినారే, అప్పుడు వదిలినా."

నరికిన కొమ్మను చూస్తే నాకు ఇప్పటికీ బాధే. ఆకు కోసం ఏటా కొడితే ఆ చెట్టు కాయదు, కాసినా మొలకను మేక బతకనివ్వదు. ఆ మేకలు లేకపోతే ఆ ఇల్లు గడవదు. ఆ మట్టిదారి ఎటు పోతుందో మాత్రం రాయను, ఏమీ అనుకోకండి. గిద్దలూరు చుట్టుపక్కల ఏపి చెట్లు చాలానే ఉన్నాయి, కొత్తాకు వేసే ఏప్రిల్ చివర్లో వెళితే బాగుంటుంది. వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. చెట్టు కింద కూర్చునే ముందు ఒకసారి పైకి చూడండి. మనిషి కనపడితే ఏమీ అడక్కుండా ముందు పక్కకు జరగండి.