పావు తిప్పు

మా నాన్నది బట్టల దుకాణం. కొనేటప్పుడు సరుకులో ఏదో ఒక లోపం చూపించాలనే విద్య నాకు అక్షరాల కంటే ముందే వచ్చింది. లోపం ఉంటే మంచిది. లేకపోతే ఇంకా మంచిది, లేనిదాన్ని ఎదుటివాడు కొలవలేడు కదా! నాన్న బట్ట తాను విప్పించి, అంచు పట్టుకుని వెలుతురుకు ఎత్తి, నాలుక చప్పరించేవాడు. ఒక్క మాట అనేవాడు కాదు. ఆ చప్పరింపుకే ధర దిగేది. నేను సూరత్ వచ్చి చీరల దలాలీలో పడ్డాక ఇరవై ఏళ్ళు ఆ చప్పరింపు మీదే బతికాను. పెళ్ళిచూపుల్లో కూడా చప్పరించానని మా అక్క అంటుంది. నిజమే కావచ్చు, ఆ బేరం ఎక్కడా తెగలేదు. సూరత్‌లోనే అడాజన్ పేటలో, మూడో అంతస్తులో ఒక్కడినే ఉంటాను.

నా పై ఇంట్లో హనుమకొండ వైపు అతను అద్దెకుండేవాడు. కంప్యూటర్ ఉద్యోగం, ముప్పైకి దగ్గర వయసు. సాయంత్రాలు డాబా మీద కూర్చుని గిటార్ వాయించేవాడు. ఆరేసిన బట్టలు తెచ్చుకునే నెపంతో నేనూ పైకి ఎక్కేవాడిని. ఒక్క లుంగీ తీసి మడత పెట్టడానికి నాకు గంటసేపు పట్టేది. తర్వాత ఇద్దరం కిందికి దిగి నేను వండిన పప్పు తినేవాళ్ళం. మార్కెట్లో పొద్దంతా హిందీ, గుజరాతీ. రోజుకు ఆ ఒక్క గంట తెలుగు.

లాక్‌డౌన్ వచ్చిన రెండు నెలలకు అతనికి ఊరెళ్ళడానికి పాసు దొరికింది. గిటార్ పెట్టెతో సహా మా ఇంటికి దిగివచ్చాడు.

"అన్నా, ఒక్క కార్ల ఐదుగురం పోతున్నం. దీనికి జాగ లేదు. మల్ల ఎప్పుడొస్తనో, మూసిన ఇంట్ల పెడితే వానకు కట్టె చెడుతది. మీరు తీసుకుంటరా? తెల్వనోళ్ళకు అమ్మబుద్ధి అయితలేదు."

ధర చెప్పాడు. మంచి ధరే. నేను గిటార్‌ను బాల్కనీలోకి తీసుకెళ్ళి, ఒక కన్ను మూసి, చీర అంచు చూసినట్టు దాని మెడ పొడవునా చూశాను. నాలుక దానంతటదే చప్పరించింది.

"ఏమైందన్నా?"

"ఏం లేదు తమ్మీ. మెడ జర వంకరున్నట్టుంది."

"వంకరనా? ఏది?"

"గట్ల చూస్తే కనపడది. అలవాటున్న కండ్లకు కనపడ్తది."

నా జన్మలో గిటార్ ముట్టుకోవడం అదే మొదటిసారి. అతను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఆరేండ్ల సంది వాయిస్తున్న. మొదటి జీతంతోని కొన్న. నాకు తెల్వనే లేదు," అన్నాడు. చెప్పిన ధరలో సగానికి ఇచ్చాడు. పైగా, చెడిపోయిన సరుకు అంటగడుతున్నందుకు ఏమీ అనుకోవద్దని నన్నే బతిమాలుకున్నాడు.

గిటార్ నాకెందుకు? వాయించడం రాదు. అతన్ని ఉండిపొమ్మని అడగాలని ఉంది, అంతే. కానీ వెళ్ళకు అనడం మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు. తగ్గించు అనడం నేర్పారు.

పది రోజుల తర్వాత అతని దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "అన్నా, మెడ నిజంగనే వంకరుండెనా?" బేరం అయిపోయాక మాట వెనక్కి తీసుకునే అలవాటు మా వంశంలో లేదు. "కొంచెం," అని రాశాను. ఆ తర్వాత అతను రాయలేదు. నేను పంపిన పొద్దుటి నమస్కారాలకు మొదట్లో ఒక దండం బొమ్మ వచ్చేది. తర్వాత అదీ ఆగిపోయింది.

వానలు మొదలయ్యాయి. మార్కెట్ నాలుగు రోజులు తెరిచి పది రోజులు మూసేవారు. తాపీ నది మీద నుంచి వచ్చే తేమకు ఉప్పు డబ్బాలో ఉప్పు కరిగింది. డాబా మీదికి వెళ్ళడానికి ఆరేసిన లుంగీ కూడా లేదు. ఒక సాయంత్రం ఏమీ తోచక, ఫోన్‌లో వీడియో పెట్టుకుని, అందులో చెప్పినట్టు గిటార్ మెడను చూశాను. ఆశ్చర్యం! మెడ మధ్యలో సన్నని వంపు ఉంది. నాకెంత సంతోషం కలిగిందంటే, లేచి ఇల్లంతా తిరిగాను. నేను అబద్ధమాడలేదన్నమాట! నా నాలుక నాకంటే ముందే చూసిందన్నమాట!

వీడియో మిగతా సగం చూసే ఓపిక లేకపోయింది. మెడ లోపల ఇనుప కడ్డీ ఉంటుందని, దాన్ని బిగిస్తే మెడ నిటారవుతుందని తెలిసింది. అది చాలనుకున్నాను. గిటార్ పెట్టెలో ఆ కడ్డీని తిప్పే అలెన్ కీ ఒకటి ఉంది. ఎదుటివాడు దిగివచ్చేదాకా బిగించడమే కదా నా వృత్తి, బిగించాను. మెడ గీత గీసినట్టు నిటారయింది. తీగలు మీటాను. బియ్యంలో రాళ్ళు కలిపి చాటలో చెరిగినట్టు ఒకటే గరగర.

పెట్టె మూత లోపల రిపేరు దుకాణం స్టిక్కరు ఒకటి అంటించి ఉంది. ఫోన్ చేశాను. "హా, బోలో," అంది ఒక ముసలి గొంతు. నాకున్న మార్కెట్ హిందీలో కథంతా చెప్పి, తీగలు మీటి వినిపించి, ఆ చప్పుడుకు నాలో నేను, "అయ్యో, సచ్చింది పో," అనుకున్నాను.

"ఏ ఊరు నీది?" అంది అటువైపు గొంతు, తెలుగులో.

జగిత్యాల పక్క మనిషి. వయసులో సూరత్‌లోనే పర్వత్ పాటియా దగ్గర మగ్గాలు నడపడానికి వచ్చి, మగ్గాల మెకానిక్ అయి, చేతులు వణకని రోజుల్లోనే గిటార్ల పనిలోకి మారాడట. "రెండు ఒక్కటే," అన్నాడు. "తీగె బిగువు, కట్టె బిగువు. చెడేముంగట రెండిటి సప్పుడు మారుతది. సరే, ఎంత తిప్పినవ్?"

"కొంచెమే కాకా."

"కొంచెమంటే? పావా, సగమా?"

"ఒకటి… ఒకటింబావు."

"నల్లా అనుకున్నవా తిప్పనీకె? లోపట కడ్డీ తెగితే గా గిటార్‌ను పొయిల పెట్టి నీళ్ళు కాగబెట్టుకో."

తిట్టడం అయ్యాక వివరంగా చెప్పాడు. తీగలు మెడను ముందుకు లాగుతాయి, కడ్డీ వెనక్కి లాగుతుంది. ఆ లాగులాటలో మెడకు ముందువైపు వెంట్రుకవాసి వంపు మిగలాలి. మీటిన తీగ ఊగుతుంది, ఊగడానికి దానికి చోటు కావాలి. మెడ మరీ నిటారుగా ఉంటే తీగ ఊగి, మెడ మీద అడ్డంగా ఉండే ఇనుప మెట్లకు తగిలి గరగరమంటుంది.

"అంటే వంపు లోపం కాదా?"

"ఎవడు చెప్పిండు లోపమని? గా జర వంపుతోనే అది పలుకుతది."

వంపు కొలిచే పద్ధతి కూడా చెప్పాడు. మొదటి మెట్టు దగ్గర ఒక వేలు, మెడ వెళ్ళి గిటార్ ఒంటికి కలిసే చోట ఇంకో వేలు పెట్టి తీగ నొక్కాలి. మధ్యలో, ఏడో మెట్టు మీద, తీగ కింద ఎంత సందుందో చూడాలి.

"చూసుడెట్ల కాకా? కొలిచేది ఏం లేదు."

"విజిటింగ్ కార్డు లేదా?"

నాకు నవ్వొచ్చింది. లాక్‌డౌన్‌కు నెల ముందు కొత్త కార్డులు అచ్చు వేయించాను. కట్ట విప్పనే లేదు, ఇవ్వడానికి మనుషులేరి?

"కార్డు గా సందుల దూరాలె. తీగెను లేపొద్దు, రాసుకుంట పోవాలె. గంతే."

"రెండు చేతులు నొక్కుడికే పాయె. కార్డు దూర్చేదెట్ల?"

"ఇంట్ల ఎవరినన్న పట్టుకొమ్మను."

"ఎవరూ లేరు కాకా."

ఫోన్‌లో కాసేపు వాన చప్పుడు ఒక్కటే వినిపించింది, ఆయన వైపుదో నా వైపుదో.

"అయితే మొదటి మెట్టు కాడ పెన్సిల్ అడ్డం పెట్టి, రబ్బర్ బ్యాండుతోని గట్టిగ కట్టు," అన్నాడు. "నేను గట్లనే చేస్త."

కట్టాను. నా పేరున్న కార్డు మొన కూడా తీగ కింద దూరలేదు.

"ఎడమకు పావు తిప్పు. ఫోన్‌ల చూసుకుంట శ్రుతి పెట్టు. రేపటిదాక ముట్టకు. రేపు మల్ల పావు."

"సగం తిప్పుత కాకా. తొందరగ అయితది."

"కట్టెతోని బేరం చెయ్యకు సేటూ. పావు తిప్పు, రోజు ఆగు. కట్టె నిమ్మలంగ ఇంటది."

మరునాడు సాయంత్రం ఐదింటికి ఫోన్ చేసి పావు తిప్పి, తీగలు ఒక్కొక్కటే మీటి వినిపించాను. నాలుగో తీగ ఇంకా గరగరమంటోందని నాకంటే ముందు ఆయనే పట్టుకున్నాడు. తర్వాత మాటల్లో పడ్డాం. దుకాణంలో పనిచేసే ఇద్దరూ ఊళ్ళకు వెళ్ళిపోయారట. తీసుకెళ్ళడానికి ఎవరూ రాని గిటార్లు గోడల నిండా వేలాడుతున్నాయట. "ఇంటి చుట్టున్న మగ్గాలు బందయినంక నిద్ర పడ్తలేదు," అన్నాడు. "నలభై ఏండ్లు గా లొల్లిల పన్న. ఇప్పుడు నా ఊపిరి నాకే ఇనపడ్తది."

మూడో రోజు ఫోన్ చేయబోతూ లెక్క వేసుకున్నాను. ఒకటింబావు బిగించాను, రోజుకు పావు చొప్పున వదులు చేస్తే ఐదు రోజుల పని. రెండు రోజులు అయిపోయాయి. మూడే మిగిలాయి. ఆ తర్వాత ఐదింటికి ఏం చేయాలి?

"కాకా, పావు ఎక్కువైతదేమో. అరపావు తిప్పితే?"

"ఏంది సేటూ, నీ బేరం ఉల్టా నడుస్తున్నది?" అన్నాడు. "మంచిదే. అరపావు తిప్పు. నాకు గూడ పనేం లేదు."

అలా ఐదు రోజుల పనిని ఎనిమిది రోజులు చేశాను. నా జీవితంలో అంత లాభసాటి బేరం ఇంకొకటి చేయలేదు. ఎనిమిదో రోజు కార్డు తీగ కింద రాసుకుంటూ వెళ్ళింది. ఆరు తీగలూ శుభ్రంగా పలికాయి.

"మంచి గిటార్," అన్నాడు ఆయన. "ముచ్చటగ చూసుకున్నోడు వాయించిండు. దీని మెడ వంకరని నీకు చెప్పినోడెవడు?"

"నేనే కాకా."

"నీకెవరు చెప్పిండ్రు?"

"ఎవరూ చెప్పలె. ధర తగ్గాలని నేనే అన్న." మొత్తం చెప్పాను. ఆ మెసేజ్, నా జవాబు, అతను రాయడం మానేయడం.

నవ్వుతాడనుకున్నాను. బేరగాడి కథకు మార్కెట్లో ఎవరైనా నవ్వుతారు. ఆయన నవ్వలేదు.

"గా పిలగానికి చెప్పినవా?"

"లేదు."

"మరి నాకెందుకు చెప్తున్నవ్?" అని ఫోన్ పెట్టేశాడు.

రెండు రోజులు పట్టింది. కడ్డీ తిప్పడానికి పట్టిన ఎనిమిది రోజులకంటే ఆ రెండూ పొడుగు. మూడోనాడు అతనికి ఫోన్ చేశాను. క్షేమసమాచారాలు నాలుగైదు సార్లు అడిగాక, అడగడానికి ఇంకేమీ మిగలక, చెప్పాను.

"తమ్మీ, మెడ వంకర లేకుండె. నేను ఊకెనే అన్న."

అటువైపు కుక్కర్ కూతలు వేస్తోంది. మూడు లెక్కపెట్టాను.

"నాకే చూసుడు రాదనుకున్నన్నా," అన్నాడు చివరికి. "ఆరేండ్లు వంకర దాని మీద వాయించిన, నా చెవులకు తెల్వలేదంటే ఇగ నాకు సంగీతమెందుకు అనుకున్న. ఇంకోటి కొననే లే. వాయించుడు బంద్ పెట్టిన."

నేను తగ్గించింది ధర ఒక్కటే అనుకున్నాను.

"వచ్చి తీసుకపో తమ్మీ. ఊకెనే తీసుకపో."

"ఊకెనే వద్దు. అప్పుడు మీరెంతిచ్చిండ్రో గంతే ఇస్త. మీరు మాత్రం ఏం మాట్లాడొద్దు."

చలికాలంలో ఇల్లు ఖాళీ చేయడానికి వచ్చాడు. ఉద్యోగం ఇంటి నుంచే చేసుకోమన్నారట, ఇక సూరత్ రానవసరం లేదు. మాస్కుతో గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఇంట్లో అమ్మకు బాగుండదని, ఎవరింట్లోనూ కూర్చోవడం లేదని చెప్పాడు. స్టవ్ మీద ఇద్దరికి సరిపడా పప్పు ఉంది. ఆ సంగతి చెప్పలేదు, మాట్లాడొద్దన్నాడు కదా.

గిటార్ తీసుకుని, ఒక కన్ను మూసి, మెడ పొడవునా చాలాసేపు చూశాడు. నా వైపు చూడలేదు. నేను పెన్సిల్, రబ్బర్ బ్యాండు, కార్డు తెచ్చి, కాకా చెప్పినట్టు చేసి చూపించాను. కార్డు రాసుకుంటూ వెళ్ళింది. అతను గుమ్మం ముందు మెట్ల మీద కూర్చుని ఒక తీగ శ్రుతి సవరించాడు. ఎనిమిది రోజులు మేమిద్దరం విన్నా పట్టుకోలేని తేడా అది. తర్వాత కొంచెం వాయించాడు. పక్క ఇంటివాళ్ళు తలుపు తీసి చూసి మళ్ళీ వేసుకున్నారు.

"మంచిగున్నది," అన్నాడు, గిటార్‌తోనే అన్నట్టు.

ఇచ్చింది తీసుకున్నాను. చప్పరించలేదు.

"వానాకాలం మెడ కదుల్తది తమ్మీ," అన్నాను ఇక ఆగలేక. "పావు తిప్పు, రోజు ఆగు. కొలిచేతందుకు గీ కార్డు పెట్టెల పెట్టుకో."

"సరే అన్నా," అని కార్డును పెట్టె మూతలో స్టిక్కరు పక్కన దోపుకున్నాడు. అతని సామాను బండి చప్పుడు సందు చివరిదాకా వినిపించింది.

ఐదింటికి కాకాకు ఫోన్ చేశాను.

"గిటార్ పోయింది కాకా."

"మంచిగ పోయిందా?"

"మంచిగనే."

"మరిప్పుడు ఎందుకు ఫోన్ చేసినవ్?"

"ఊకెనే."

"బేరగాని నోట్లె గా మాట మొదటిసారి ఇంటున్న," అన్నాడు. కాసేపు మగ్గాల గురించి మాట్లాడుకున్నాం. కొన్ని మళ్ళీ నడుస్తున్నాయట, ఆయనకు కొంచెం నిద్ర పడుతోందట.

ఆ తర్వాత రెండు వానాకాలాలు గడిచాయి. ఆ పెట్టెలో ఉన్న కార్డు మీద నా నంబరు ఉంది. మెడ కదిలితే ఏం చేయాలో అతనికి చెప్పింది నేనే. ఇంతవరకు ఫోన్ చేయలేదు. మెడ బాగానే ఉండి ఉంటుంది.