స్పెయిన్ టైముకు అన్నం

కరోనాకు భయపడి విమానాలన్నీ నేల మీద పడుకున్న ఆ రోజుల్లో అందరూ ఎవరి ఇళ్లలో వాళ్లు చిక్కుకుపోతే, నేను మా మామ మంచం మీద చిక్కుకుపోయాను. స్పెయిన్‌లో చదువుకోవడానికి బయల్దేరినవాణ్ని, దారిలో దుబాయ్‌లో దిగి మేనమామను చూసి పోదామనుకున్నాను. (మా జగిత్యాల వైపు దుబాయ్ అంటే ఆ ఎడారి మొత్తం, మామ ఉండేది షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో అని దిగాకే తెలిసింది.) ఇలా వచ్చానో లేదో అలా విమానాలు ఆగిపోయాయి. కాలేజీవాళ్లు క్లాసులు ఫోన్లోకి మార్చారు. అలా నా స్పెయిన్ చదువు, అల్యూమినియం కిటికీలు చేసే వర్క్‌షాప్ పైనున్న గదిలో మొదలైంది. మామ తన కింది మంచం నాకిచ్చి, మోకాళ్ల నొప్పులతో తాను పైమంచం ఎక్కాడు.

గదిలో మామ కాక ఇంకో ఇద్దరు. ఒకాయన నెల్లూరు భాయ్, వంటలో దిట్ట. ఇంకొకాయన నిజామాబాద్ అన్న, వెల్డింగ్ పని. నా క్లాసు నడుస్తున్నంతసేపూ ముగ్గురూ దగ్గేవాళ్లు కూడా కాదు. (ఆ రోజుల్లో దగ్గకపోవడానికి వేరే కారణాలు కూడా ఉండేవనుకోండి.) ఒకసారి నిజామాబాద్ అన్న ఒంటి మీద తువ్వాలుతో నా వెనక నుంచి పోతుంటే, ఫోన్లో టీచరమ్మ నవ్వుతూ చెయ్యి ఊపింది. అన్న బిత్తరపోయి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. మర్నాటి నుంచి నా క్లాసు టైముకు ఆయన స్నానం చేసి, తల దువ్వి, ఇస్త్రీ చొక్కా వేసుకుని మంచం మీద కూర్చునేవాడు.

అసలు కష్టం నా నోటిదూల వల్ల వచ్చింది. స్పెయిన్‌లో మధ్యాహ్నం మూడింటికి గానీ భోంచెయ్యరని టీచరమ్మ చెబితే, వింతగా ఉందని గదిలో చెప్పాను. అందరూ నవ్వారు, మామ తప్ప.

"గిది నవ్వే ముచ్చట గాదు అల్లుడా. నేను కొత్తల వచ్చినప్పుడు తెల్లారకముందే డబ్బ కట్టుకొని, పదకొండింటికే ఎండల తినుడు పడక నెల దినాలు కడుపునొప్పితోని సచ్చిన. నువ్వు ఆడికి వొయ్యి పడితే ఎవలు జూస్తరు? గీడికెల్లే అలవాటు జేసుకో."

స్పెయిన్‌లో మూడంటే షార్జాలో ఐదు. సరే, నా ఒక్కడి కడుపే కదా అనుకున్నాను. కానీ ఆ గదిలో ఒక కట్టుబాటుంది. అందరూ కూర్చుంటే తప్ప గిన్నె మూత తీయరు. ఒకడు తినకుండా ఉంటే మిగిలినవాళ్లకు ముద్ద దిగదు. దాంతో పనుల్లేక గదిలో కూర్చున్న పెద్ద మనుషులు, పప్పు వాసన పీలుస్తూ, గోడ గడియారం వంక చూస్తూ ఐదింటిదాకా కడుపు మాడ్చుకునేవాళ్లు. అప్పుడు రంజాన్ నెల. నెల్లూరు భాయ్ తాను ఉపవాసం ఉండి కూడా, తనను ఆ కట్టుబాటు లెక్కలోంచి తీసేయమని చెప్పి మాకు వండిపెట్టేవాడు.

"నేనేమో అల్లా కోసం రోజా ఉండాను, మీరు స్పెయిన్ కోసం ఉండారు" అని పడీపడీ నవ్వేవాడు.

ఆ నవ్వులు ఎన్నాళ్లో సాగలేదు. ఒకనాడు ముదీర్, అంటే కంపెనీ మేనేజరు వచ్చి, కంపెనీలో పని ఖలాస్, ముందు వయసు పైబడినవాళ్లు ఇండియాకు వేసిన ప్రత్యేక విమానాల్లో ఇంటికి వెళ్లాలన్నాడు. అందులో మామ కూడా ఉన్నాడు. మామ తన కోసం ఎన్నడూ ఎవరినీ బతిమాలగా నేను చూడలేదు. ఆ రోజు మాత్రం "మేరా భాంజా జానే తక్ రుకో సాబ్" అని, మేనల్లుడు వెళ్లేదాకా ఆగమంటూ ముదీర్ వెంట మెట్లు దిగి వీధి దాకా వెళ్లాడు. ముదీర్ చెడ్డవాడు కాదు, కానీ అతని చేతిలో ఏమీ లేదు. మామ పైకి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"ఇన్నేండ్ల సంది గీడికెల్లి ఇంటికి వొయ్యేటోళ్లనే సాగనంపిన అల్లుడా. గీడికెల్లి ముందుకు వొయ్యేటోన్ని నిన్నొక్కన్నన్న జూద్దామనుకున్న."



వెళ్లేరోజు వ్యాను నాలుగింటికే వచ్చేసింది. అన్నం, మామకిష్టమని భాయ్ చేసిన చేపల పులుసు మూత కింద ఉన్నాయి.

"అన్నా, నాలుగు ముద్దలు తినేసి పో. స్పెయిన్ ఏమీ అనుకోదులే" అన్నాడు భాయ్.

నేను గబగబా కంచాలు వేసి, "కూసో మామా, నేను గూడ ఇప్పుడే తింట" అన్నాను. మామ గడియారం చూశాడు. "ఇంక టైం గాలే. పోరగానికి ఇప్పుడిప్పుడే అలవాటైతుంది, చెడగొట్టకుండ్రి" అన్నాడు. కింద నుంచి డ్రైవర్ యల్లా, యల్లా అని తొందరపెడుతూ కేకలేస్తున్నాడు. మామ నా తల నిమిరి, తినకుండానే వెళ్లిపోయాడు. ఐదయింది. మేమెవరమూ గిన్నె దగ్గరికి పోలేదు. చివరికి మసీదులో పొద్దుగూకే అజాన్ వినిపించాక, భాయ్ ఖర్జూరం నోట్లో వేసుకుని మా ఇద్దరినీ కసిరి కూర్చోబెట్టాడు.

ఎట్టకేలకు విమానాలు లేచాయి. స్పెయిన్ చేరాక తెలిసిందేమిటంటే, నాతో ఒకే ఇంట్లో ఉన్న కుర్రాళ్లు ఆకలేసినప్పుడల్లా ఫ్రిజ్ ముందు నిలబడే తినేస్తారు. ఎవరికోసం ఎవరూ ఆగరు. మామ మాత్రం ఊరి నుంచి రోజూ ఫోన్ చేసేవాడు. "మూడు గొట్టినంకనే తింటున్నవా?" అని అడిగేవాడు. తింటున్నా మామా అనేవాణ్ని. ఆయనతో అబద్ధమాడలేక నిజంగానే మూడింటిదాకా ఆగేవాణ్ని. "జూసినవా, కడుపు నీ మాట ఇంటుంది" అని మురిసిపోయేవాడు.

మరుసటి ఎండాకాలం ఆ జబ్బు మా ఊరికీ వచ్చి మామను తీసుకుపోయింది. నేను వెళ్లలేకపోయాను. ఆ రాత్రి ఏడ్చాను. మర్నాడు, సిగ్గు లేని కడుపు, పన్నెండింటికే ఆకలన్నది. ఫ్రిజ్ ముందు నిలబడి తినేశాను. ఎందుకంత తొందరని అడిగే ఫోన్ రాలేదు.

చదువు ముగిసి ఇప్పుడు నేను అబుదాబిలో ఓ ఆఫీసులో పనిచేస్తున్నాను. అందరిలాగే వేళకు డబ్బా తెరుస్తాను. ఐదింటిదాకా నకనకలాడుతూ కూర్చున్న ఆ కుర్రవాణ్ని తలచుకుంటే నవ్వొస్తుంది. ఆ నవ్వు వెనకే వాడి మీద కాస్త అసూయ కూడా కలుగుతుంది. వాడు తినేదాకా ముద్ద ముట్టని మనిషి వాడికొకడు ఉన్నాడు.