మోచేతి నొప్పి, జొన్నరొట్టెలు

తొంభైల్లో పటాన్‌చెరు ఫ్యాన్ల కంపెనీలో నాది స్క్రూలు బిగించే పని. రోజంతా మణికట్టు తిప్పుతూనే ఉండాలి. సేద్యం ఇంటి కోడలికి మొదటిసారి సొంత జీతం, నచ్చకేం! ఇంకొన్నాళ్లు బాగా చేస్తే పర్మనెంటు చేస్తామన్నారు. సరిగ్గా అప్పుడే కుడి మోచేయి మొండికేసింది. చెంబు ఎత్తినా, తడిబట్ట పిండినా మోచేతి బయటివైపు సుర్రుమనేది.

బొంతపల్లిలో మా అత్తమ్మకు తెలియని వైద్యం లేదు. బెణికిందని తేల్చేసింది. నడుము పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో తన్నించడం మా దగ్గర అలవాటు. నడుముకు పనిచేసేది మోచేతికి పనిచేయదా అని, అలా పుట్టిన పక్కింటి వదినను పిలుచుకొచ్చింది. వదినకు నవ్వాగదు, నాకు భయం ఆగదు. మోచేతికి కాలు ఆనించి, పెద్ద ఆపరేషన్ చేసినట్టు చాయ్ తాగి వెళ్లింది. నొప్పి కదిలితే ఒట్టు.

ఓరోజు చేతిలోంచి స్క్రూడ్రైవర్ జారింది. చెయ్యి బాగుచేసుకుని రా, లేకపోతే వేరే మనిషిని చూసుకుంటామన్నాడు సూపర్‌వైజరు. బస్సులో ఇంటిదాకా ఏడుస్తూనే వచ్చాను.

మర్నాడు కార్మికుల దవాఖానకు అత్తమ్మే తోడు వచ్చింది. డాక్టరమ్మ మోచేతి ఎముక మీద నొక్కగానే అమ్మో అన్నాను. మణికట్టును లేపే కండరం తాడులా సన్నబడి ఇక్కడే ఎముకకు అతుక్కుంటుందట. బిగించి తిప్పిన ప్రతిసారీ దాన్ని లాగుతున్నాను, ఇది బెణుకు కాదంది. ఇంట్లో ఏం చేస్తావని అడిగింది. పొద్దున్నే ఇంటిల్లిపాదికీ జొన్నరొట్టెలు కొడతానన్నాను. రెండిట్లో ఒకటి కొన్నాళ్లు బంద్ పెట్టమంది. ఇక నా నౌకరే పోతుందనుకున్నాను. ఈ నౌకరి ఎందుకని మొదటినుంచీ గొణిగింది అత్తమ్మే మరి.

అత్తమ్మ కొంగు తప్పించి తన మోచెయ్యి బల్ల మీద పెట్టింది.

"నాది గూడ జెర సూడమ్మా. పెండ్లయినకాంచి గిట్లనే గుంజుతది. ఆడోళ్ల చెయ్యంటే గిట్లనే ఉంటదనుకున్న."

డాక్టరమ్మ అదే చోట నొక్కింది. అత్తమ్మ కూడా అమ్మో అంది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

ఇంటికి రాగానే అత్తమ్మ మామయ్యనూ మా ఆయననూ కూర్చోబెట్టింది.

"దాని నౌకరి బంద్ గాదు. రేపటిసంది రొట్టెలు మీరే కొట్టుండ్రి."

దవాఖాన చీటీ చూసి కంపెనీవాళ్లు నన్ను కొన్ని వారాలు చెకింగ్ పనికి మార్చారు. చెయ్యి కుదుటపడ్డాక పర్మనెంటూ చేశారు. అయినా నాకు బాగా గుర్తున్నది దవాఖానకు వెళ్లొచ్చిన మర్నాటి పొద్దే. మా ఆయన పొయ్యి ఊదుతుంటే మామయ్య రొట్టె కొట్టడానికి కూర్చున్నాడు. కాసేపటికే మోచెయ్యి పట్టుకుని, "గింత గుంజుతదా గీ పనిల?" అన్నాడు.

అత్తమ్మ ఇంకో పిండిముద్ద ఆయన ముందుకు తోసింది.